ధాన్యం లేని జంతికలు

(కంచరపాలెం రైతు బజారుకు సరుకు తెచ్చే రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నేను పైర్ల సంగతి చెప్పే మనిషిని. విత్తనం, ఎరువు, కలుపు, నీటి తడులు - వీటిని గురించి ఎవరు అడిగినా తడుముకోకుండా నాలుగు మాటలు చెప్పగలను. అట్టివాడు ఈ పూట జంతికలను గురించి మాట్లాడతాడని తెలియగానే మీలో కొందరు ముసిముసిగా నవ్వినారు. మా ఇంట్లోనూ నవ్వినారు. అయినా ఈ విషయం నేను ఏరుకొని తెచ్చుకొన్నది కాదు. మీలో ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఆనాడు సరైన జవాబు చెప్పలేకపోయినాను. తెలుసుకొని వచ్చి ఇప్పుడు చెప్పుచున్నాను.

రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన సంగతి మీకు తెలిసినదే. కూరగాయల ధర తెలుసుకొనడానికి నేను అప్పుడప్పుడు ఈ కంచరపాలెం బజారుకు వస్తూ ఉంటాను. ఒక ఉదయం కర్రపెండలం దుంపలు గుట్టగా పోసుకొని కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టి పిలిచినది. సబ్బవరం వైపు పల్లె ఆమెది.

"బాబూ, తమరు పంటల కాలేజీ మేష్టారు కదా. ధాన్నెం లేకుండా జంతికలు అవుతాయా?" అని అడిగినది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మా మనవడికి గోధుమ పడదన్నారు బాబూ డాక్టరు గారు. ఊళ్ళోవాళ్ళు అసలు ధాన్నెమే మానిపించమన్నారు. పండక్కి బియ్యప్పిండి జంతికలు తిన్న రాత్రే కడుపునొప్పొచ్చింది. ఇక అన్నం కూడా తగ్గించేశాం. అందరూ తింటుంటే గుంటడు గోడకి జేరబడి చూస్తాడు" అన్నది.

ఆ మాటలో జంతిక సంగతి చిన్నది. ఎదిగే పిల్లవాడికి అన్నం తగ్గించుట పెద్దది. కావున ముందు ఆ పెద్ద సంగతి చెప్పి, ఆ తరువాత పొయ్యి దగ్గరకు వస్తాను.

ధాన్యం అంటే ఏమి? మన రైతు భాషలో వడ్లను ధాన్యం అంటాము. శాస్త్రం ప్రకారం గడ్డి జాతి మొక్కకు కాచే గింజ ఏదైనా ధాన్యమే. వరి, గోధుమ, మొక్కజొన్న, జొన్న మాత్రమే కాదు. మన చోళ్ళు, గంటెలు, సామలు, కొర్రలు కూడా ఆ జాతివే. ఐక్యరాజ్య సమితి 2023 సంవత్సరాన్ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుండి పట్నంలో కొందరు "మేము ధాన్యం మానివేసినాము, కొర్రలే తింటున్నాము" అని చెప్పుకొనుచున్నారు. కొర్రలు మంచివే, తినవలసినవే. కాని పేరులోనే ధాన్యం ఉన్నదానిని తింటూ ధాన్యం మానినామనుట ఏమి మాట?

పెసలు, మినుములు, శనగలు, కందులు ధాన్యాలు కావు. అవి కాయజాతి పైర్లు, మనం అపరాలంటాము. నువ్వు నూనెగింజ. సగ్గుబియ్యం పేరులో బియ్యం ఉన్నా అందులో బియ్యపు గింజ ఒక్కటి ఉండదు. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతపు కర్ఖానాలలో కర్రపెండలం దుంప నుండి తీసిన పిండిని పూసలుగా చేసినదే సగ్గుబియ్యం.

ఇట్లు చూస్తే మన వంటింట్లో ధాన్యం లేని పిండివంటలు ముందే ఉన్నవి. మినప గారెలో ధాన్యం లేదు, పెసర గారెలో లేదు. వట్టి శనగపిండితో ఒత్తిన సన్న కారప్పూసలో లేదు. జంతికలోనే చిక్కు, ఎందుకంటే అందులో మూడు వంతులు బియ్యప్పిండి.

ఇక ధాన్యం మానేవారు ఎవరు? మూడు రకాలు. మొదటివారు ఏకాదశి వంటి ఉపవాసాలు ఉండేవారు. వారి నియమం వారిది, నేను చెప్పవలసినది లేదు. రెండవవారు చక్కెర జబ్బు ఉన్నవారు. వీరికి ఒక మాట గట్టిగా చెప్పవలెను. ధాన్యం లేనిది అంటే చక్కెర పెంచనిది అని అర్థం కాదు. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండి పదార్థం ఉంటే, నూరు గ్రాముల సగ్గుబియ్యంలో సుమారు 87 గ్రాములు ఉంటుంది. అన్నం మాని సగ్గుబియ్యం ఉప్మా తిన్నవాడు పెనం మీద నుండి పొయ్యిలో పడినట్లే. ఈ రోజు నేను చెప్పబోయే జంతిక కూడా నూనెలో వేగినదే. చక్కెర జబ్బుకు మందని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

మూడవవారు ఆ పిల్లవాడి వంటివారు. గోధుమలోను, బార్లీలోను గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు ఉన్నది. చపాతి పిండి సాగేది దాని వల్లనే. కొందరి శరీరానికి అది పడదు. చిన్న ప్రేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది వంటబట్టదు. పిల్లలైతే ఎదుగుదల ఆగి, కడుపు ఉబ్బి, రక్తం తగ్గి కనబడతారు. దీనిని సీలియాక్ జబ్బు అంటారు. దీనికి కారణం గోధుమ అని తేల్చినవాడు హాలండు దేశపు పిల్లల వైద్యుడు డిక్కె. రెండవ ప్రపంచ యుద్ధం చివర 1944-45 చలికాలంలో ఆ దేశంలో రొట్టె దొరకక జనం అలమటించినప్పుడు, ఈ జబ్బు ఉన్న పిల్లలు మాత్రం తేరుకొనుట చూసి ఆయన తన అనుమానాన్ని గట్టిపరచుకొన్నాడు. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో దానిని వెల్లడించినాడు.

ఇక్కడ రెండు సంగతులు జ్ఞాపకం ఉంచుకొనవలెను. ఒకటి, అనుమానం ఉంటే గోధుమ మానక ముందే రక్త పరీక్ష చేయించుకొనవలెను. ముందుగా మానివేస్తే పరీక్షలో జబ్బు దొరకకుండా పోవచ్చును. రెండు, బియ్యంలో ఈ గ్లూటెన్ లేదు. చోళ్ళలో లేదు, గంటెలలో లేదు. ఈ జబ్బు ఉన్న బిడ్డకు అన్నం తగ్గించవలసిన అవసరమే లేదు.

ఆ తల్లిని పిల్లవాడితో కూడా మరల డాక్టరు గారి వద్దకు పొమ్మన్నాను. బియ్యం మానమని ఆయన ఏనాడూ చెప్పలేదట. ఆ రాత్రి నుండి పిల్లవాడికి కంచం నిండా అన్నం పెట్టినారు. మరి బియ్యప్పిండి జంతికలకు కడుపునొప్పి ఎందుకు వచ్చినది? నేను వైద్యుణ్ణి కాను గాన ఇదే కారణమని తేల్చి చెప్పలేను. కాని వారి ఇంటికి వెళ్ళి చూసినప్పుడు గోధుమ దొంగతనంగా ఇంట్లోకి వచ్చే దారులు మూడు కనబడినవి.

మొదటిది పిండి మర. ఊరికంతటికీ ఒకటే మర. గోధుమలు ఆడించిన వెంటనే అదే రాళ్ళ మధ్య బియ్యం పోస్తారు. మొదట వచ్చే పిండిలో గోధుమ పిండి కలవకుండా ఉండదు. మనకు దానివల్ల నష్టం లేదు. ఆ బిడ్డకు ఉన్నది. రెండవది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ చాలావరకు వట్టి ఇంగువ కాదు. గోధుమ పిండో, మైదాయో, బియ్యప్పిండో, బంకో కలిపి తయారు చేస్తారు. డబ్బా మీద సన్న అక్షరాలతో రాసి ఉంటుంది, మనం చదవము. మూడవది నూనె. పూరీలు వేయించిన నూనెలోనే జంతికలు వేయించినారు.

కావున శుభ్రమైన బియ్యప్పిండి దొరికేచోట, ఆ బిడ్డ మామూలు జంతికే తినవచ్చును. దొరకని చోట దారి ఏమి? మరకు పోకుండా ఇంట్లోనే తయారయ్యే పిండి కావలెను. ఆమె గంపలోనే దానికి జవాబు ఉన్నది - కర్రపెండలం.

బియ్యప్పిండి జంతికలో చేసే పని ఏమిటో చూడండి. అది పిండి పదార్థం. వేడి నూనెలో నీరు పోయి, బిగిసి, కరకరలాడుతుంది. శనగపిండిలో మాంసకృత్తు ఎక్కువ. అది పిండిని అంటించి పట్టి ఉంచుతుంది, రంగును, రుచిని ఇస్తుంది. వట్టి శనగపిండితో సన్న కారప్పూస బాగా వస్తుంది గాని, లావు జంతిక ఒత్తితే పైన ఎర్రబడి లోపల మెత్తగా మిగిలిపోతుంది. బియ్యం చేసే పనిని చేయడానికి మరియొక పిండి పదార్థం కావలెను. కర్రపెండలం దుంపలో ఉన్నది ఇంచుమించు అదొక్కటే. అందుచేత కరకరకు అది చాలును. బలానికి చాలదు. బియ్యంలో నూటికి ఏడు పాళ్ళ మాంసకృత్తులైనా ఉన్నవి. సగ్గుబియ్యంలో ఒక పాలు కూడా లేదు. అందువల్ల బియ్యాన్ని తీసి అంతే కర్రపెండలం వేయడం నాకు ఇష్టం లేదు. అపరాల పాలు పెంచి, దుంప పాలు తగ్గించవలెను.

ముందు దుంప పిండి సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఇందులో ప్రమాదం ఉన్నది.

కర్రపెండలం మొక్కలో, ఆకులోను దుంపలోను, విషాన్ని పుట్టించే పదార్థం ఉంటుంది. దుంపను కోసినా, తురిమినా దాని నుండి హైడ్రోసయనిక్ ఆమ్లం విడుదల అవుతుంది. తొక్కలో ఎక్కువ, లోపలి గుజ్జులో తక్కువ. తీపి రకాలలో తక్కువ, చేదు రకాలలో ఎక్కువ. ఆఫ్రికా ఖండంలో మొజాంబిక్, కాంగో వంటి దేశాలలో కరవు రోజులలో చేదు దుంపను సరిగా నానబెట్టకుండా, ఎండబెట్టకుండా, పప్పు కూర లేకుండా వారాల తరబడి తిన్నవారికి హఠాత్తుగా కాళ్ళు పడిపోయినవి. దానిని కొంజో అని పిలుస్తారు. మనం జంతికలకు వాడే కొద్దిపాటి పిండికి అంత భయపడనక్కరలేదు. కాని తెలిసి జాగ్రత్తపడడంలో పోయేది ఏమీ లేదు. తినే కర్రపెండలం పిండిలో ఈ విషం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం.

కనుక ఇట్లు చేయండి. ఉడకబెట్టి తినడానికి మీరు ఏటా వాడుకొనే తీపి రకం దుంపనే తీసుకొనండి. పిండి కర్ఖానాల కొరకు పెంచే దుంప అంతా ఇంటి వంటకు పనికివస్తుందని అనుకొనరాదు. ముక్క కొరికి చూసి చేదు తగిలితే దానిని పారవేయండి. తవ్విన దుంప రెండు మూడు రోజులలో లోపల నీలి గీతలు పడి చెడిపోతుంది. అందుచేత తవ్విన రోజుననే పని మొదలుపెట్టవలెను. పై గోధుమరంగు పొరను, దాని క్రింద ఉండే తెల్లని మందపు తొక్కను రెండింటినీ తీసివేయవలెను. కొందరు పైపొర గీకి ఊరుకొంటారు, అది చాలదు. కడిగి, కొబ్బరి కోరు వలె తురిమి, గుడ్డలో మూటగట్టి, బరువైన రాయి క్రింద ఒక రాత్రి ఉంచండి. ఆ నీరు పశువులకు, మేకలకు అందే చోట పారబోయకండి. తొక్కలను కూడా పచ్చివి పచ్చిగా గాటిలో వేయకండి.

మరునాడు ఆ తురుమును చాప మీద పలుచగా పరిచి, గలగలలాడేదాకా ఎండలో పెట్టండి. మంచి ఎండలైతే రెండు మూడు రోజులు. చక్రాలుగా కోసి ఎండబెట్టుట సులువే గాని, తురిమి ఎండబెట్టినప్పుడే విషం బాగా పోతుంది; ఎందుకంటే దుంపలోని పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి, ఆ విషం విడుదలై గాలిలోకి పోవడానికి వీలు కలుగుతుంది. మరి ఒక జాగ్రత్త: పిండి చేసిన తరువాత దానిని నీటితో తడిపి, పళ్ళెంలో పలుచగా పరిచి, ఎండలో రెండు గంటలు గాని నీడలో ఐదు గంటలు గాని ఉంచితే మిగిలిన విషం కూడా చాలావరకు పోతుంది. ఈ పద్ధతిని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు రూపొందించి ఆఫ్రికా పల్లెలలో ఇల్లాళ్ళకు నేర్పినారు. ఖర్చు ఏమీ లేదు. తరువాత మరల ఎండబెట్టి, ఇంటి రోటిలో గాని మిక్సీలో గాని కొట్టి, సన్న జల్లెడ పట్టవలెను. నాలుగైదు కిలోల పచ్చి దుంపకు సుమారు ఒక కిలో పిండి వస్తుంది.

అంత ఓపిక లేనివారు సగ్గుబియ్యాన్ని దోరగా వేయించి, చల్లార్చి, మిక్సీలో మెత్తగా కొట్టి వాడవచ్చును. ఒక్క పూస కూడా నలగకుండా ఉండరాదు. ఎందుకో తరువాత చెబుతాను.

శనగపిండిని బజారులో కొనకండి. శనగపప్పు కొని, ఎండబెట్టి, ఇంట్లోనే కొట్టుకొనండి. శనగపిండిలో బఠాణీ పిండి, మొక్కజొన్న పిండి కలపడం చాలాకాలంగా ఉన్నదే. అంతకంటె చెడ్డది కేసరి పప్పు పిండి. దానిని దీర్ఘకాలం ఎక్కువగా తిన్నవారికి కూడా కాళ్ళు పడిపోతాయి. శనగలు, మినుములు మన చేలలోనే పండేటప్పుడు కల్తీ పిండికి డబ్బు పోయుట నాకు బాధగా ఉంటుంది. మినప్పప్పును ఎర్రగా కాకుండా, వాసన వచ్చేదాకా వేయించి పిండి కొట్టవలెను.

పాళ్ళు చెప్పుచున్నాను, రాసుకొనండి. శనగపిండి 400 గ్రాములు, కర్రపెండలం పిండి 250 గ్రాములు, వేయించిన మినప పిండి 100 గ్రాములు. నువ్వులు రెండు పెద్ద చెంచాలు, వాము ఒక చిన్న చెంచా, ఉప్పు, కారం మీ నోటికి తగినట్లు. ఇంగువ వద్దు, వాము చాలును. అన్నీ జల్లించి కలిపి, కాగిన నూనె రెండు పెద్ద చెంచాలు పోసి, పిడికిట పట్టితే ముద్ద నిలిచేటట్లు వ్రేళ్ళతో రాయండి.

బియ్యప్పిండికి లేని కిటుకు ఒకటి ఇక్కడ ఉన్నది. కర్రపెండలం పిండిని చన్నీళ్ళతో కలిపితే ముద్ద విరిగిపోతుంది, గొట్టంలో నుండి తెగి తెగి పడుతుంది. అందుచేత పిండులు కలపక ముందే 250 గ్రాములలో ఒక గుప్పెడు పిండిని విడిగా తీసి ఉంచుకొనండి. దాని మీద మరిగే నీరు కొద్దిగా పోసి గరిటెతో కలిపితే గంజి ముద్ద వలె అవుతుంది. అదే మిగిలిన పిండికి బంక. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆ ముద్దను పిండిలో వేసి, తగినంత నీటితో మర్దించండి. పిండి అంతటినీ మరిగే నీటితో కలిపితే మాత్రం జంతిక రబ్బరు వలె సాగుతుంది. కలిపిన ముద్ద మీద తడిగుడ్డ కప్పి ఉంచండి. ఆరితే పగుళ్ళు వస్తాయి.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. మొదటిసారి నేను సగ్గుబియ్యాన్ని తొందరలో పలుకుగా కొట్టి, జల్లించకుండా కలిపి, గుండ్రని లావు రంధ్రం ఉన్న బిళ్ళ వేసి ఒత్తినాను. మొదటి వాయి నూనెలో పడిన నిమిషానికి ఒక జంతిక టప్పున పేలినది. నూనె చిమ్మి నా ముంజేతి మీద పడినది. ఆ మచ్చ ఇంకా ఉన్నది, దగ్గరకు వస్తే చూపిస్తాను. కారణం చాలా తేలిక. దుంప పిండి వేడికి పైన పొరకట్టి బిగుస్తుంది. లోపల నలగని పలుకులో నీరు ఉంటే, అది ఆవిరై బయటకు దారి లేక పొరను బద్దలు కొడుతుంది. కాబట్టి నక్షత్రం అచ్చు ఉన్న బిళ్ళనే వాడండి. అంచులు ఎక్కువగా ఉండడం వల్ల ఆవిరి పోతుంది, కరకర కూడా ఎక్కువ. పిండిని సన్న జల్లెడ పట్టకుండా కలపరాదు. గొట్టంలో పిండి కూరేటప్పుడు మధ్యలో గాలి ఉండకుండా అదమవలెను. పిల్లలను పొయ్యి దగ్గరకు రానీయకండి.

కంచరపాలెం అనే పేరులోనే కంచరి ఉన్నాడు. ఈ ఊరి ఇళ్ళలో పాత ఇత్తడి జంతికల గొట్టాలు ఇంకా అటకల మీద ఉంటే దింపండి. ఈ ముద్ద బియ్యపు ముద్ద కంటె బిరుసు. రేకు గొట్టం పిడి నా చేతిలోనే వంగినది, ఇత్తడిది వంగలేదు.

కొత్త నూనె పోసి, మధ్యరకం మంట మీద కాచండి. చిటికెడు ముద్ద వేస్తే అడుగుకు పోయి నెమ్మదిగా పైకి తేలవలెను. వెంటనే బుస్సున తేలితే నూనె ఎక్కువ కాగినట్లు. జంతిక చుట్టూ నురుగు తగ్గి, నూనె సద్దు మణిగినప్పుడు తీయవలెను. రంగు చూసి తీస్తే మోసపోతారు. బియ్యపు జంతిక కంటె ఇది రంగు త్వరగా తిరుగుతుంది, శనగ పాలు ఎక్కువ గాన. పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టండి. మన సముద్రపు గాలికి మూత తీసి ఉంచితే పూట లోపల మెత్తబడతాయి.

ఈ పాళ్ళలో వచ్చే పిండిలో నూటికి సుమారు 15 పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయి. మూడు వంతుల బియ్యం, ఒక వంతు శనగపిండి వేసిన మామూలు జంతిక పిండిలో సుమారు 10 పాళ్ళు. ఆ మేరకు ఇది మెరుగు. అయితే వేగిన జంతిక బరువులో నాలుగో వంతు నుండి మూడో వంతు దాకా నూనె ఉంటుంది. ఆ విషయంలో ఇదీ అదీ ఒకటే.

ఉపవాసం వారికి అపరాలు కూడా పనికిరావంటే, కర్రపెండలం పిండికి ఉడికించిన బంగాళాదుంప గాని చేమదుంప గాని చేర్చి ముద్ద చేయవచ్చును. చిలగడదుంప వేసి చూసినాను. దానిలోని చక్కెర వల్ల నల్లబడి చేదెక్కినది. బొంత అరటికాయను చక్రాలుగా కోసి ఎండబెట్టి పిండి చేస్తే కర్రపెండలంలో సగం పాలు దాకా వాడవచ్చును. రంగు కొంచెం మసకగా ఉంటుంది గాని రుచి నాకు నచ్చినది.

మీలో మహిళా సంఘాల వారు దీనిని అమ్మవచ్చునా అని అడుగుచున్నారు. అమ్మవచ్చును. కాని ఆహార భద్రతా శాఖలో నమోదు చేసుకొనకుండా అమ్మరాదు. పొట్లం మీద ఏమేమి వేసినారో అన్నీ రాయవలెను. "గ్లూటెన్ లేనిది" అని మాత్రం పరీక్ష చేయించకుండా రాయకండి. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకుండా ఉంటేనే ఆ మాట రాయడానికి చట్టం ఒప్పుకొంటుంది. అదే గదిలో అదే రోజున మైదా కాజాలు చేసి, ఈ పొట్లం మీద ఆ మాట రాస్తే, ఎక్కడో ఒక పిల్లవాడికి ఆ రాత్రి కడుపునొప్పి వస్తుంది. మీరు చూడరు, అంతే తేడా.

లెక్క కూడా ముందే చూసుకొనండి. నాలుగైదు కిలోల దుంప పోతే కిలో పిండి. పచ్చి దుంపకు మంచి ధర పలికే రోజున పిండి చేయుట నష్టం. బజారులో సాయంత్రానికి మిగిలిపోయి, మరునాటికి నీలి గీతలు పడబోయే దుంపకు ఇది దారి. ఆ పెద్దావిడ ఇప్పుడు చేయుచున్నది అదే. మిగిలినది ఇంటికి తీసుకుపోయి ఆ రాత్రే తురుముచున్నది.

పైరు మాట చెప్పకుండా కూర్చుంటే నా ఉద్యోగానికి మర్యాద కాదు. తొలకరి వానలకు ముక్కలు నాటండి. రకాన్ని బట్టి ఆరు నుండి పది నెలలలో తవ్వకం వస్తుంది. జనవరి నుండి తవ్వుకొంటే ఎండబెట్టడానికి ఎండలు కలిసివస్తాయి. తిరువనంతపురం వద్ద శ్రీకార్యంలో 1963లో స్థాపించిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ నుండి వచ్చిన శ్రీ జయ వంటి రకాలు త్వరగా చేతికి వస్తాయి, వంటకు బాగుంటాయి. ఆకుల మీద పసుపు మచ్చలు, ముడతలు ఉన్న మొక్క నుండి ముక్కలు తీయకండి. అది మొజాయిక్ తెగులు. ముక్కతో కూడా వస్తుంది, తెల్లదోమతో కూడా వ్యాపిస్తుంది. పొరుగువాడు ఉచితంగా ఇచ్చినా అట్టి ముక్కలు వద్దు.

ఇక్కడ రెండు డబ్బాలు ఉన్నవి. ఎర్రమూత డబ్బాలోవి మామూలు బియ్యపు జంతికలు, పచ్చమూత డబ్బాలోవి నేను చెప్పినవి. చుట్టూ పంపుచున్నాను. ఎర్ర డబ్బాలో చేయి పెట్టినవారు ఆ చేతితోనే పచ్చ డబ్బాలో పెట్టకండి. ఆ మూల గోడ దగ్గర నిక్కరు వేసుకొని నిలబడిన చిన్నవాడు పచ్చ డబ్బా కొరకు చూచుచున్నాడు, ముందు వాడికి అందించండి.